సార్ నేర్పిన ఇంగ్లీషు మాటలు

ఈ బడి సంచిక చదివే మీకు తెలిసిందే, మన బడిలో అందరిదీ తెలుగు మీడియమే. ఇంగ్లీషు పరీక్ష అంటే జవాబులు బట్టీ పట్టడమే. తొమ్మిదో తరగతిలో కొత్త సార్ వచ్చాక ఆ లెక్క మారింది.

సార్ ముందుగా మీనింగ్స్ పట్టికలు రాయించడం మానేశారు. బోర్డు మధ్యలో ‘స్పెక్ట్’ అని రాసి, లాటిన్‌లో దీనికి చూడడం అని అర్థం అన్నారు. ఇక మాటలు మేమే అందించాలి. ఇన్‌స్పెక్టర్, స్పెక్టేటర్, సస్పెక్ట్ మాకు తెలిసినవే. వాటి వెంట ప్రాస్పెక్ట్, రెట్రోస్పెక్ట్ వచ్చి చేరాయి. ముందుకు చూడడం, వెనక్కి చూడడం! ఇంత పెద్ద మాటలు ఇంత సులువా అనిపించింది.

ఆయన చెప్పిన ఇంకో సంగతి నాకు జీవితాంతం పనికొచ్చింది. “అర్థం తెలిస్తే సగమే రా. ఆ మాట ఎవరితో తిరుగుతుందో చూడండి” అనేవారు. ఇంగ్లీషులో వాన హెవీ, టీ స్ట్రాంగ్. అటుది ఇటు పెడితే వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ చెవి ఒప్పుకోదు. అందుకే నోటుబుక్‌లో మాట ఒక్కటే రాస్తే సంతకం పెట్టేవారు కాదు, అది దొరికిన వాక్యం మొత్తం ఉండాలి. చిక్కడపల్లి లైబ్రరీలో ‘హిందూ’ పత్రిక సంపాదకీయాలు చదివి రాసుకునేవాణ్ణి. ‘మిటిగేట్’ (తీవ్రత తగ్గించడం) పక్కన ఒకచోట రిస్క్, మరోచోట ఇంపాక్ట్ ఉండేవి. రెండు మూడుసార్లు అలా ఎదురయ్యాక ఆ మాట నాదైపోయేది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ కొనిపించింది కూడా సారే. జపాన్‌లో ఏళ్ల తరబడి ఇంగ్లీషు నేర్పిన హార్న్‌బీ దాని కర్త, ఆక్స్‌ఫర్డ్ ముద్రణ 1948లో వచ్చింది. మనలాగా ఇంగ్లీషును బయటినుంచి నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన పుస్తకం కాబట్టి, ప్రతి మాటనూ వాక్యంలో పెట్టి చూపిస్తుంది. “అట్ట ఊడినా ఫరవాలేదు, కొనండి” అనేవారు సార్.

తర్వాత విదేశాల్లో పై చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్ష కోసం అమీర్‌పేట కోచింగ్‌లో చేరిన స్నేహితులు వేల మాటల లిస్టులు పట్టుకుని టెన్షన్ పడేవారు. 2011 ఆగస్టులో ఆ పరీక్షలోంచి యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (మాటల జతల మధ్య పోలికలు) తీసేసి, వాక్యంలో మాట ఎలా ఇముడుతుందో అడగడం పెంచారు. మన సార్ తొమ్మిదో తరగతిలో అడిగిందీ అదే కదా!

ఈ సంచిక ఖర్చులు పోను డబ్బు మిగిలితే, ఎనిమిది నుంచి పది దాకా ప్రతి సెక్షన్‌కూ ఆ డిక్షనరీ ఒక్కోటి కొనిద్దాం. బీరువాలో పెట్టి తాళం వేయకుండా, పిల్లల చేతికి అందేలా కిటికీ గట్టు మీద ఉంచాలి. నా వంతుగా రెండు కాపీలు ఇస్తాను.