తీర్మానంలో ఆ ఒక్క వాక్యం రాయించడానికి పడ్డ పాట్లు: మురుగు కాలువ పనిలో నా అనుభవం

మా వీధి డ్రెయిన్‌కి కాంక్రీటు పడింది, క్యూరింగ్ నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ద్వారా ఇలాంటి పని చేయించుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని, అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

సమస్య అందరికీ తెలిసిందే. అరవై ఇళ్ల వాడకం నీరు వీధి చివర పల్లంలో, చేతిపంపు పక్కనే నిలిచేది. అర్జీ రాయడం, వీధివాళ్ల సంతకాలు, ఫొటోలు, టేపుతో కొలతలు, ఇవన్నీ సులువుగానే అయిపోయాయి. అర్జీలో మాత్రం "మురుగు సమస్య ఉంది" అని ఊరుకోకుండా లెక్క రాయండి. జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఇంటికి ఐదుగురు చొప్పున 275 లీటర్లు. అందులో 70 శాతం మురుగుగా బయటికి వస్తుందనుకుంటే ఇంటికి సుమారు 190, అరవై ఇళ్లకు రోజుకు 11 వేల లీటర్ల పైమాటే. ఈ అంకె కాగితం మీద ఉంటే "ఇంకుడు గుంతలు తవ్వుకోండి, సరిపోతుంది" అని పంపేయడం కుదరదు. ఇంకుడు గుంతకు స్థలమున్న ఇళ్లు తవ్వుకోవాల్సిందే, అదీ తాగునీటి బోరుకు కనీసం పది మీటర్ల దూరంలో. మా వీధిలో సగం ఇళ్లకు ఆ దూరమే లేదు.

ఎక్కడైనా తర్వాత వినిపించే మాట "నిధులు లేవు". దీనికి జవాబు దగ్గర పెట్టుకుని వెళ్లండి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం టైడ్ నిధులు, అంటే చెప్పిన పనులకే వాడాల్సినవి. అందులో సగం పారిశుధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి. మురుగునీటి పని పారిశుధ్యం కింద వస్తుంది. మిగతా 40 శాతం అన్‌టైడ్, దాన్ని జీతాలకు వాడకూడదు. ఏ పనికి ఎంత చెల్లించారో ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ పేరు కొట్టి ఎవరైనా చూడవచ్చు. ఆ పేజీ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాక మా దగ్గర నిధుల మాట మళ్లీ రాలేదు. ఇంకో సంగతి: గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో, అంటే జీపీడీపీలో, పని పేరు లేకపోతే ఆ పోర్టల్ నుంచి బిల్లు కదలదు. ప్రణాళిక తయారయ్యే రోజుల్లోనే పేరు ఎక్కించుకోవాలి.

ఇక నన్ను నిజంగా ఏడిపించిన ఘట్టం తీర్మానం.

ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ గ్రామసభ సభ్యులే. రాజ్యాంగం 243(బి) చెప్పేది అదే. సభకు మా వీధి ఆడవాళ్లంతా వచ్చారు, మాట్లాడారు. సర్పంచ్ గారు "చేయిద్దాం" అన్నారు, చప్పట్లు కూడా కొట్టారు. అంతలో తీర్మానాల పుస్తకం మా చేతుల్లోకి వచ్చింది. పేజీ ఖాళీ. "ముందు సంతకాలు పెట్టండి, తర్వాత నింపుతాను" అన్నారు కార్యదర్శి గారు. చదవకుండా పెట్టనని నేనన్నాను. "పెద్ద చదువులు చదివినోళ్లు కదా, మీరే రాసుకోండి పంచాయతీ" అని అందరి ముందూ అన్నారు. సభలో కొందరు నవ్వారు. అక్కడే నిలబడి, రాసేదాకా కదలనన్నాను. చివరికి రాశారు. ఏమని? "సదరు వీధిలో మురుగు సమస్య పరిశీలించి తగు చర్యలు తీసుకొనవలసినదిగా తీర్మానించడమైనది."

ఈ వాక్యం చూడటానికి బాగానే ఉంటుంది. దీనితో ఒక్క రూపాయి పని కూడా జరగదు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకానో లేదు. పొడవు లేదు. ఏ పద్దు నుంచో లేదు. ఎవరు చేయాలో, ఎప్పటిలోగానో లేదు. పరిశీలించామని ఒక ముక్క రాస్తే తీర్మానం అమలైపోయినట్టే. ఇలాంటి వాక్యాలతో నిండిన పుస్తకాలు మన పంచాయతీల్లో ఎన్ని మూలుగుతున్నాయో! పంచాయతీల కోసం చేసిన రాజ్యాంగ 73వ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు రాసి పంచాయతీల ముందుంచింది. ఇన్నేళ్ల తర్వాత కూడా "తగు చర్యలు" దగ్గరే ఆగిపోయామంటే తప్పు నిధుల్లో లేదు. నిర్ణయాన్ని నిర్ణయంగా రాయడానికి భయపడే అలవాటులో ఉంది.

ఆ పేజీ నకలు అడిగితే ఇవ్వలేదు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. "సమాచారం ఇప్పించండి" అని మాత్రం రాయకండి. ఫలానా తేదీ గ్రామసభ తీర్మానం ధ్రువీకృత నకలు, హాజరు పట్టిక నకలు అని విడివిడిగా అడగండి. ఆ చట్టం సెక్షన్ 2(జె) కింద తీర్మానాల పుస్తకాన్ని స్వయంగా చూసే హక్కు కూడా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. పైఆఫీసులకు మామూలు అర్జీలు పెట్టుకుంటూ కూర్చోకండి. అవి మెట్లు దిగుతూ "నివేదిక నిమిత్తం" అంటూ మళ్లీ అదే కార్యదర్శి బల్ల మీదికే వస్తాయి.

నకలు వచ్చాక తర్వాతి గ్రామసభకు వాక్యం మేమే రాసుకుని వెళ్లాం: "ఫలానా ఇంటి నుంచి చెరువు మొరవ దగ్గరి సాగునీటి తూముకు దిగువ కాలువ వరకు 180 మీటర్ల సీసీ డ్రెయిన్, టైడ్ నిధుల పారిశుధ్య పద్దు నుంచి, ఇంజనీరింగ్ అసిస్టెంట్ 15 రోజుల్లో అంచనా సమర్పించాలి." ఈసారి మాకు అడ్డుపడింది కింది వీధి. "మీ మురుగు మా గుమ్మం ముందుకా?" అన్నారు. వాళ్లది న్యాయమైన ప్రశ్న. బాధ్యతగా తీసుకునే నిర్ణయానికి అసలు పరీక్ష ఇక్కడే. ఒక వార్డు సభ్యుడు తన వీధి చివరిదాకా కాలువ వేయించుకుని చేతులు దులుపుకుంటే సమస్య పోదు, పక్క వీధికి బదిలీ అవుతుంది. నీరు చివరికి ఎక్కడ కలుస్తుందో తేలాకే మొదలు ఎక్కడో నిర్ణయించాలి. 200కు 1 వాలు చొప్పున 180 మీటర్లకు 90 సెంటీమీటర్ల దిగుడు కావాలి. నేల చదునుగా ఉంటే చివరికొచ్చేసరికి కాలువ అడుగుభాగం అంత లోతుకు పోతుంది, బయటి కాలువ నీటిమట్టం దానికంటే పైనుంటే నీరు వెనక్కి తంతుంది. ట్యూబ్ లెవెల్‌తో, అంటే నీళ్లు నింపిన గొట్టంతో, కింది వీధి పెద్దల ఎదుటే మట్టాలు చూశాం. వాళ్ల వీధి ముందు 40 మీటర్ల మేర పలకల మూతలు, కలిసేచోట చెత్త ఆపే జాలీ, ఈ రెండూ తీర్మానంలో చేర్చాక వాళ్లే ముందుగా సంతకాలు చేశారు. రాసింది పైకి చదివించి, చివరి అక్షరం కింద ఖాళీ స్థలానికి గీత కొట్టించి, ఆ తర్వాతే సంతకాలు. ఈ పద్ధతి తప్పక పాటించండి.

పాలకవర్గ తీర్మానం, అంచనా, సాంకేతిక మంజూరు వరసగా అయిపోయాయి. పని జరిగేటప్పుడు ఎం-బుక్‌లో, అంటే అధికారిక కొలతల పుస్తకంలో, ఎక్కే కొలతలు కాంక్రీటు పడకముందే మీరూ తీసుకోండి. కాలువ అడుగుభాగం మందం తర్వాత కొలవలేరు.

మిగిలింది నిర్వహణ. పూడిక తీయకపోతే ఒక్క వానాకాలంలోనే జాలీ మూసుకుపోతుంది. వచ్చే గ్రామసభకు వాక్యం సిద్ధంగా ఉంది: "సదరు డ్రెయిన్ పూడికను ఏటా మే నెలలో ఒకసారి, జూన్ నుంచి అక్టోబరు వరకు నెలకోసారి పారిశుధ్య సిబ్బందితో తీయించాలి, తీసిన మట్టిని అదే రోజు తరలించాలి, తేదీలు పంచాయతీ నోటీసు బోర్డుపై రాయాలి." కింది వీధివాళ్లు చదివి, ఎత్తిన మట్టి ఎక్కడ పోస్తారో కూడా రాయమన్నారు. ఆ జాగా సర్వే నంబరు కనుక్కుంటున్నాం.