శుక్రవారం, డయాలసిస్ వార్డు బయట

ఈరోజు ఆఫీసుకు సెలవు పెట్టి పక్కింటి పిన్నిగారిని డయాలసిస్‌కు తీసుకెళ్లాను. వాళ్లబ్బాయి బెంగళూరు నుంచి రావలసింది, నెలాఖరు పనితో రాలేకపోయాడు. ఏడు గంటలకల్లా ఆటో ఎక్కాం. పిన్నిగారు నిండుగా బొట్టు పెట్టుకుని, చేతిసంచిలో వెంకటేశ్వరస్వామి చిన్న పటం పెట్టుకుని వచ్చారు. నేను వేకువ ప్రార్థనలో ఆవిడను తలచుకుని బయల్దేరాను.

లోపలికి వెళ్లగానే బరువు చూశారు. పోయినసారికంటే రెండు కిలోలకు పైనే పెరిగింది. అదంతా కిడ్నీలు పనిచేయక, బయటికి పోయే దారి లేక ఒంట్లో నిలిచిపోయిన నీరే. అందుకే ఆవిడ తాగే నీళ్లకు కొలత పెట్టారు. ఒంగోలు ఎండల్లో ఆ కొలతకు కట్టుబడి ఉండటం మాటలు కాదు. గొంతు ఎండిపోతుంటే ఒక్క ఐసు ముక్క నోట్లో పెట్టుకుని, అది కరిగేదాకా కళ్లు మూసుకుని కూర్చుంటారు. ముంజేతి మీద ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ధమనిని సిరతో కలిపిన చోట, వేళ్లు ఆనించి చూడమన్నారు. చర్మం కింద రక్తం జుమ్మని పరుగెత్తడం వేళ్లకు తెలిసింది. అక్కడే రెండు సూదులు గుచ్చారు. ఇక నాలుగు గంటలు.

బయట బల్ల మీద నా పక్కన కూర్చున్న పెద్దాయన భార్య కోసం వచ్చారు. "ఆవిడ మీకు ఏమవుతారమ్మా?" అని అడిగారు. పక్కింటివాళ్లమని చెప్పాను. నా చేతిలోని బైబిలు చూసి, కాస్త ఆగి, "మీ మతంలోకి రమ్మని అడిగారా?" అన్నారు. కోపంగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగారు. "లేదండీ, ఆవిడకు తోడు కావాలి, అందుకే వచ్చాను" అన్నాను. ఆయన తలూపి, తను తెచ్చుకున్న ఇడ్లీల్లో రెండు నాకు పెట్టారు.

ఆ ప్రశ్న మాత్రం మధ్యాహ్నందాకా నన్ను వదల్లేదు. మా ఊళ్లో దానికి పాత జవాబు ఒకటి ఉంది. 1876–78 నాటి ధాత కరవులో ఇక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అలమటిస్తున్నవాళ్లకు పని, కూలి ఇప్పించారు. మా పూర్వీకులు ఆ కాలువ మట్టి మోశారని నాయనమ్మ చెప్పేది. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని ఆయన పట్టుదల. కరవు సహాయం ముగిశాకే తలుపు తెరిచారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా సంఘాల్లో ఆ అంకె చెప్పని సభ ఉండదు. నాకు మాత్రం అంతకంటే, అన్నం పెడుతూ కూడా ఆయన ఏమీ అడగకుండా ఉన్న ఆ నెలలే గొప్పవనిపిస్తాయి. ప్రభువు కుష్ఠరోగులు పదిమందిని బాగుచేస్తే ఒక్కడే తిరిగివచ్చాడు. రానివాళ్ల స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు కదా!

అలాగని నా విశ్వాసాన్ని దాచుకుంటానని కాదు. పిన్నిగారే ఆటోలో అన్నారు, "మీ ప్రభువుకు నా మాట కూడా ఒకటి చెప్పమ్మాయ్" అని. "పొద్దునే చెప్పాను పిన్నిగారూ" అంటే నవ్వారు. ఏమని చెప్పానో ఆవిడ అడగలేదు. కిడ్నీలు మళ్లీ మామూలుగా పనిచేయాలని అడిగాను. డాక్టర్లు ఆ ఆశ పెట్టుకోవద్దన్నారు. అయినా అడిగాను, రేపూ అడుగుతాను. దానితోపాటు, ఈ రోజులు ఆవిడ ఒంటరిగా గడపకూడదని కూడా అడుగుతున్నాను. ఆ రెండో ప్రార్థనలో నేను చేయగలిగిన పని కూడా కొంత ఉంది.

పన్నెండు దాటాక బయటికి వచ్చారు. ముఖం పీక్కుపోయి ఉంది, నడక తూలుతోంది. తిన్నగా ఇంటికి వెళ్దామంటే ఒప్పుకోలేదు. మార్కెట్ దగ్గర ఆటో ఆపించి, ఆవపిండి, నువ్వులనూనె కొనిపించారు. మనవరాలు సెలవులకు వస్తోందట, ఆవకాయ పెట్టాలట. ఆవిడకు ఉప్పు తగ్గించమన్నారు, పచ్చడి నాలుక మీద పెట్టుకోవడానికి లేదు. "ఉప్పు సరిపోయిందో లేదో నువ్వు చూసి చెప్పాలి, నీదే పూచీ" అన్నారు.

మంగళవారం మళ్లీ వెళ్లాలి. ఆ రోజు నాకు సెలవు దొరకదు. సంఘంలో ఒక చెల్లిని అడిగితే వస్తానంది. పిన్నిగారు దారిలో ఏమేం తినకూడదో ఆమెకు ఫోనులో చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం మామిడికాయలు కొట్టించుకు రావాలి.