ఛాతీ దగ్గర వెలుగు

“ఏంనా, కాళ్ళు కనిపిస్తా ఉండాయా?” అన్నాడు మా చిన్నాన్న కొడుకు, నా కళ్ళకి వీఆర్ హెడ్‌సెట్ (కంప్యూటర్ సృష్టించిన లోకాన్ని చూపించే కళ్ళజోడు) తగిలించి. కిందికి చూస్తే కాళ్ళు లేవు, పొట్టా లేదు! ఛాతీ దగ్గర మసకగా వెలుగు. వాడూ అంతే. దగ్గరికి జరిగితే రెండు వెలుగులూ కలిసిపోయి, నేనెక్కడ ఆగానో తెలీలేదు.

తిరుపతిలో వాళ్ళ కాలేజీ ప్రాజెక్టు ఇది. దీనికి మూలం శాస్త్రవేత్త డేవిడ్ గ్లొవాకీ బృందం చేసిన ‘ఇస్‌నెస్‌-డి’. వేర్వేరు ఊళ్ళ నుంచి నలుగురైదుగురు వీఆర్‌లో ఇలాగే కలుస్తారు. ‘నేను’ కరిగిపోయినట్టు అనిపించడంలో అది భ్రాంతులు కలిగించే మందులైన సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ ఓ మోస్తరు డోసుకు దీటుగా ఉందని 2022లో ఓ పరిశోధన పేపర్‌లో రాశారు. మందు చుక్క లేకుండా!

అయితే డిప్రెషన్ తగ్గిందని మాత్రం ఆ పేపర్ చెప్పలేదు. అది వేరే లెక్క.

పరీక్షల టెన్షన్‌కి రోజూ ఆ హెడ్‌సెట్ పెట్టుకుంటాడట వీడు. ముందు రాత్రిళ్ళు నిద్రపోరా అన్నాను.