ఆమ్‌స్టర్‌డామ్ బృందం, అనటోలియా పాటలు

సైకడెలిక్ పాప్ (కలలో తేలుతున్నట్టుండే వింత శబ్దాల పాప్ సంగీతం) అనగానే మనలో చాలామందికి 1960ల చివరి నాటి ఇంగ్లండో, కాలిఫోర్నియానో గుర్తుకు వస్తుంది. ఈ మధ్యనే నాకు పరిచయమైన ‘ఆల్తన్ గ్యున్’ బృందం ఉండేది ఆమ్‌స్టర్‌డామ్‌లో అయినా, దాని చూపంతా 1970ల టర్కీ మీదే ఉంది. డచ్ గాయకుడు యాకో గార్డ్‌నర్ వెంట బేస్ గిటార్ వాయించిన యాస్పర్ వెర్హుల్స్ట్, ఇస్తాంబుల్ వెళ్లినప్పుడు అక్కడి పాత రికార్డుల మీద మనసు పారేసుకొని, 2016లో టర్కిష్ గాయకులు కావాలని ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చారు. అలా వచ్చి చేరినవారే మెర్వే దాష్‌దెమిర్, ఎర్దించ్ ఎజెవిత్.

ఈ బృందాన్ని పాత శబ్దాలను అనుకరించే బృందంగా లెక్కగట్టడం నాకు న్యాయమనిపించదు. 1965లో టర్కీలో ‘హుర్రియెత్’ దినపత్రిక, స్వదేశీ పాటలను పాశ్చాత్య వాద్యాలతో వినిపించాలన్న షరతుతో ఒక పోటీని మొదలుపెట్టింది. ఆ ఊపులో పెరిగి, టర్కీలోని ఆసియా భాగమైన అనటోలియా పేరు పెట్టుకున్న అనటోలియన్ రాక్‌లో ఎర్కిన్ కొరాయ్, బారష్ మాంచో, సెల్దా బాజాన్ వంటివారు పల్లెపాటలకు ఎలక్ట్రిక్ గిటార్లను, ఆర్గన్లను జోడించారు. ఆల్తన్ గ్యున్ ఆ పనినే, చాలావరకు అవే జానపదాల మీద, ఇంకొక తరం చేతులతో కొనసాగిస్తోంది.

ఇందులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి నిలిపినది ఎర్దించ్ చేతిలోని ఎలక్ట్రిక్ సాజ్. పొడవాటి మెడ గల ఆ తంత్రీవాద్యానికి మెట్లు నైలాన్ దారంతో కట్టి ఉంటాయి కాబట్టి వాటిని జరుపుకోవచ్చు. మామూలు గిటార్ మెట్ల మధ్య జారిపోయే సూక్ష్మస్వరాలు దాని మీద స్పష్టంగా పలుకుతాయి. కర్ణాటక సంగీతంలో గమకాలకు అలవాటుపడ్డ చెవికి ఆ స్వరాలు పరాయివిగా తోచవు. టర్కిష్ జానపదాల్లో తరచుగా వినిపించే ఏడు, తొమ్మిది మాత్రల నడకలు కూడా మిశ్రచాపు, సంకీర్ణచాపు తాళాలు ఎరిగినవారిని కంగారుపెట్టవు. ఆ ఎగుడుదిగుడు నడకను బేస్ గిటార్ ఎక్కడా తొట్రుపడకుండా మోస్తుంటే, పైన సాజ్ స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటుంది.

2019లో వచ్చిన ‘గెజె’ ఆల్బమ్‌లోని ‘గెసి బాలర’ అనే పాట కైసెరి ప్రాంతపు జానపదం. దూరప్రాంతానికి కాపురానికి వెళ్లిన ఆడపిల్ల తల్లిని తలచుకొని పడే బాధ అందులో ఉంటుంది. మన అప్పగింతల పాటలు విని పెరిగినందువల్లనేమో, భాష రాకపోయినా ఆ వేదన నాకు కొత్తగా అనిపించలేదు. అంత దుఃఖాన్ని కాలు కదిపించే లయలో పెట్టడం అపచారమని కొందరికి తోచవచ్చు. జానపదం నలుగురి నోళ్లలో నలిగి బతికేది కనుక, ఈ కొత్త నడక కూడా దాని బతుకులో భాగమేనని నేను నమ్ముతాను.

ఆ ఆల్బమ్ గ్రామీ నామినేషన్ కూడా పొందింది. కరోనా రోజుల్లో ఎవరి ఇంట్లో వారు ఉండి రూపొందించుకున్న 2021 నాటి ‘యోల్’లో సింథసైజర్లు, డ్రమ్ మెషీన్లు ముందుకు వచ్చాయి. వినడానికి హాయిగానే ఉన్నా, ఒకే గదిలో కలిసి వాయించేటప్పుడు పుట్టే వేడి అందులో నాకు తక్కువగా అనిపించింది. 2023 నాటి ‘ఆష్క్’ను పాత పద్ధతిలో, అందరూ కలిసి వాయిస్తూ టేపు మీద రికార్డు చేశారు, ఆ తేడా మొదటి పాటలోనే తెలిసిపోతుంది. 2024లో మెర్వే బృందాన్ని విడిచి వెళ్లడం నాకు నిజంగా లోటే. ఆమె గొంతులోని తేటదనానికి, ఎర్దించ్ గొంతులోని జీరకు చక్కగా జత కుదిరేది.

కొత్తగా వినేవారు 2018 నాటి తొలి ఆల్బమ్ ‘ఓన్’లోని మొదటి పాటతో ప్రారంభిస్తే మంచిది. అది కర్షెహిర్ ప్రాంతపు మహాగాయకుడు నెషెత్ ఎర్తాష్ పాట. వీలైతే ముందుగా ఆయన సాజ్ ఒక్కటే తోడుగా పాడిన రికార్డింగును విని, ఆ వెంటనే ఈ బృందం పాడినదానిని వినండి.