విన్నానురా రామా

త్యాగరాజస్వామి దేవగాంధారి రాగంలో కూర్చిన ‘క్షీరసాగర శయన’ కీర్తనలో ‘విన్నానురా’ అనే మాట నాలుగు సార్లు వస్తుంది. నన్ను చింతల పెట్టవలెనా రామా అని పల్లవిలో అడిగి, తరువాత తాను విన్నవన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోతారు. ఏనుగుల రాజును బ్రోవడానికి వేగమే వచ్చావని విన్నాను. సభలో ఆడకూతురికి చీరలిచ్చావని విన్నాను. సీతమ్మ కోసం సముద్రం దాటిన నీ కీర్తిని విన్నాను. భాగవతం, భారతం, రామాయణం నుంచి వచ్చిన ఈ మూడూ మనం కూడా విన్నవే. వాటి నడుమ ఇంకొకటి ఉంది.

‘ధీరుడౌ రామదాసుని బంధము దీర్చినది విన్నానురా రామా.’

ఈ పాదాన్ని నేను చాలా ఏళ్లు ఆగకుండా పాడేశాను. ఆగేలా చేసింది మా అమ్మ పాటల పుస్తకం. ఎర్ర అట్ట ఉన్న పొడవాటి నోటుపుస్తకం అది. దీపారాధన చేసిన చేత్తోనే పేజీలు తిప్పేది కాబట్టి, కింది మూలలన్నీ నూనె పీల్చుకుని అద్దంలా మారాయి. అందులో పాటలకు అక్షర క్రమం లేదు, రాగాల క్రమమూ లేదు. ‘ధీరుడౌ రామదాసుని’ అన్న పాదం పక్కన, అంచులో పెన్సిలుతో ‘14 చూడు’ అని రాసి ఉంది. తిప్పితే 14వ పేజీలో రామదాసు కీర్తన ‘ఇక్ష్వాకు కులతిలక’. దాని అడుగున ‘22 చూడు’. అక్కడ ఆయనదే ‘పలుకే బంగారమాయెనా’. శనివారం భజనలో ఆమె వీటిని అదే వరుసలో ఎందుకు అందుకునేదో అప్పుడు అర్థమైంది. ఆమెకు ఇవి వేర్వేరు పాటలు కావు.

గజేంద్రుడి కథ తామస మన్వంతరం నాటిది. రాముడు సముద్రం దాటింది త్రేతాయుగంలో, ద్రౌపది మొర ద్వాపరంలో. మరి రామదాసు? నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు. గోల్కొండను 1672 నుంచి ఏలిన తానీషా కాలం మనిషి. 1687లో ఆ కోట ఔరంగజేబు వశమైంది. సరిగ్గా 80 ఏళ్ల తరువాత, 1767లో, కావేరి సీమలోని తిరువారూరులో త్యాగరాజస్వామి పుట్టారు. అంటే రామదాసు ఆయనకు ముత్తాతల నాటివాడు, అంతే. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, సర్కారు సొమ్ము లెక్క తేలక చెరసాలకు వెళ్లిన ఒక ఉద్యోగిని తీసుకువచ్చి గజేంద్రుడి పక్కన, ద్రౌపది పక్కన, సాక్షాత్తు సీతమ్మ పక్కన నిలబెట్టారు ఆయన. వారి మీద ఉన్న నమ్మకమే ఇతని మీద కూడా.

ఇక్కడే నన్ను ఎప్పుడూ కదిలించే విషయం ఒకటుంది. రామదాసు కూడా చెరసాలలో ఇలాగే వేడుకున్నారు. ‘పలుకే బంగారమాయెనా’ చరణాలు గుర్తు చేసుకోండి. ఇసుకలో పొరలిన ఉడుతను కరుణించి బ్రోచితివని నెర నమ్మితిని తండ్రి, అంటారు. రాతిని నాతిగా చేసి ప్రఖ్యాతి చెందితివని ప్రీతితో నమ్మితి తండ్రి, అంటారు. ఉడుతను చూసి, అహల్యను చూసి నమ్మారు. తన పేరు ఆ వరుసలో చేరుతుందని ఆ గోడల మధ్య ఆయనకు ఎలా తెలుస్తుంది? ఆయన ‘నమ్మితి’ అన్నారు. మూడు తరాలు తిరిగేసరికి కావేరి ఒడ్డున ఇంకొక భక్తుడు ‘విన్నానురా’ అన్నారు. సాక్ష్యాలు వెతుక్కున్నవాడే సాక్ష్యమైపోయాడు.

ఆ ‘ధీరుడౌ’ అన్న మాటను కూడా తీసిపారేయకూడదు. రామదాసు తనను తాను ధీరుడినని ఎక్కడ అనుకున్నారు? ‘ఇక్ష్వాకు కులతిలక ఇకనైన పలుకవే’ అని మొదలుపెట్టి, కట్టించిన ప్రాకారాలు, సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలత్రాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, అన్నీ లెక్క చెప్పారు. దేనికి ఎన్ని వరహాలు, ఎన్ని మొహరీలు పట్టాయో చెప్పారు. నీకు కలికితురాయి చేయిస్తే ‘నీవు కులుకుచు తిరిగెదవు ఎవరబ్బ సొమ్మని’ అని నిలదీశారు. నీ తండ్రి దశరథ మహారాజు పెట్టెనా, లేక నీ మామ జనక మహారాజు పంపెనా అని అడిగారు. అంత మాట అన్నాక గొంతు విరిగిపోయింది. ‘అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు’, ‘ఈ దెబ్బల కోర్వక అబ్బ తిట్టితినయ్య’ అన్నారు. దెబ్బలకు ఓర్చుకోలేకపోయానని ఆయనే ఒప్పుకున్నారు. అది విని కూడా, బహుశా అది విన్నందుకే, త్యాగరాజస్వామి ‘ధీరుడౌ రామదాసు’ అన్నారు. దెబ్బలు తిన్నా రాముడితో మాట్లాడటం మానని మనిషికి ఇంతకంటే మంచి విశేషణం నాకు తోచదు.

మాట్లాడటం అంటే గుర్తొచ్చింది. ఈ పాటల్ని కలిపి కుట్టిన దారం ‘పలుకు’ అన్న మాటే. ఇకనైన పలుకవే అన్నారు ఒక పాటలో. పలుకే బంగారమాయెనా, పిలచిన పలుకవేమి అన్నారు ఇంకొక పాటలో. లక్షల మొహరీల లెక్క తేలక చెరలో ఉన్నవాడు రాముడి ఒక్క పలుకును బంగారంతో తూచాడు. ఆనందభైరవిలో ఆ పల్లవిని మంగళంపల్లి బాలమురళీకృష్ణ గళంలో విన్నవారికి అందులో తిట్టు వినబడదు, అలిగిన బిడ్డ గొంతు వినబడుతుంది. తాను స్థిరపడిన తిరువయ్యారులోనూ అదే మౌనం ఎదురైంది కాబోలు, త్యాగరాజస్వామి పూర్ణచంద్రిక రాగంలో ‘పలుకవేమి నా దైవమా, పరులు నవ్వేది న్యాయమా’ అని అడిగారు. పలకని రాముణ్ణి పలకరించే ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి అలా నడిచింది.

చిన్ననాడు తల్లి పాడగా రామదాసు కీర్తనలు విని పెరిగారని త్యాగరాజస్వామి గురించి పెద్దలు చెబుతారు. కీర్తనల కట్టుబాటులోనూ ఆ పోలిక కనిపిస్తుంది. రామదాసు కీర్తనల్లో చరణాలు ఎన్ని ఉన్నా దాదాపు ఒకే వరుసలో నడుస్తాయి. ఒకరు అంటే పదిమంది అందుకోవచ్చు. ఒకే పాదాన్ని రకరకాలుగా మలిచి పాడే సంగతుల మీద సంగతులు వేసి కృతులను పెంచిన స్వామి, దివ్యనామ కీర్తనల దగ్గరికి వచ్చేసరికి ఆ పాండిత్యమంతా పక్కన పెట్టి అదే భజన నడకను పట్టుకున్నారు. ఆయన రాసిన ‘ప్రహ్లాద భక్తివిజయం’ గేయనాటకంలోనూ ‘వెలసిన శ్రీరామదాసు వినుతింతు మదిన్’ అని కందపద్యంలో మొక్కారు.

మా అమ్మ పుస్తకంలో ఇంకొక ముడి ఉంది. అన్నిటికంటే నాకు ఇష్టమైనది అదే.

పోతన గజేంద్రుడి దగ్గరికి పరుగెత్తే స్వామిని వర్ణిస్తూ ‘సిరికిం జెప్పడు’ అని ఎత్తుకున్నారు. లక్ష్మీదేవికి ఒక్క మాట చెప్పే తీరిక కూడా లేదట. రామదాసుకు స్వామి అలా పరుగెత్తి రాలేదు. చెరలో 12 ఏళ్లు గడిచాయని చెబుతారు. అప్పుడు ఆయన ఏం చేశారు? సిరి దగ్గరికే వెళ్లారు. ‘నను బ్రోవమని చెప్పవే సీతమ్మ తల్లి’ అన్నారు. జనకుని కూతురా, జనని జానకమ్మా అని పిలిచి, స్వామి పక్కన ఉన్న వేళ, నిద్ర మేల్కొనే వేళ, సమయం చూసి నా మాట చెవిన వేయమన్నారు. అయ్య పలకనప్పుడు అమ్మ కొంగు పట్టుకోవడం ఏ ఇంట్లో పిల్లలకైనా తెలిసినదే.

ఈ పాటను కూడా త్యాగరాజస్వామి మరిచిపోలేదు. సారంగ రాగంలోని ‘ఏమి దోవ బల్కుమా’లో, నాకు దారేది, నేనెక్కడికి పోను అని రాముణ్ణి అడుగుతూ, ‘రామదాసు వలెనైతే సీతా భామ మందలించును నీతో’ అన్నారు. నేను రామదాసునైతే నా తరఫున సీతమ్మ నీకు గట్టిగా చెప్పేది, అని. ‘నను బ్రోవమని చెప్పవే’ తెలియనివారికి ఈ పాదం ఒక ప్రస్తావన మాత్రమే. తెలిసినవారికి మాత్రం, ఒక పాటలో పెట్టుకున్న విన్నపం ఫలించిందని ఇంకొక పాట చెబుతోంది. సీతమ్మ చెప్పిందట. స్వామి విన్నాడట. చెరసాలలో ఉన్నవాడికి అమ్మవారు మాట చెప్పిందో లేదో ఆనాడు తెలియదు. ఆ సంగతి కావేరి ఒడ్డు నుంచి మనకు అందింది. ఆ పక్కనే చిన్న అసూయ కూడా ఉంది, అతనికి చెప్పిన తల్లి నాకు చెప్పలేదే అని. అందుకే కాబోలు, వసంత రాగంలో ‘సీతమ్మ మాయమ్మ’ అని ఆయన గట్టిగా హక్కు చాటుకున్నారు.

మీ ఇంట్లోనో, వీధి రామాలయంలోనో పాడుకునేటప్పుడు ఒక్కసారి ఈ వరుస ప్రయత్నించండి. ముందు ‘ఇక్ష్వాకు’, ఆ తిట్టు చల్లారాక ‘పలుకే బంగారమాయెనా’, తరువాత ‘నను బ్రోవమని చెప్పవే’. అక్కడ మంగళహారతికి తొందరపడకుండా కాసేపు ఆగి, ‘క్షీరసాగర శయన’ అందుకోండి. ‘ధీరుడౌ రామదాసుని’ అన్న చోటికి వచ్చేసరికి, ఆ పాదం పాడే గొంతు మీకే కొత్తగా వినబడుతుంది.

‘ఇక్ష్వాకు’లోని ఆ నిలదీత ఒకటి మిగిలిపోయింది: దశరథ మహారాజు పెట్టెనా, జనక మహారాజు పంపెనా. ఏటా శ్రీరామనవమి నాడు భద్రాచలంలో, మిథిలా ప్రాంగణంలో కల్యాణం జరుగుతుంది. మన ఇళ్లలో పెళ్లికూతురికి పుట్టింటి సూత్రం ఒకటి, అత్తింటి సూత్రం ఒకటి. భద్రాద్రిలో సీతమ్మకు కట్టేవి మూడు. దశరథుడి తరఫున ఒకటి. జనకుడి తరఫున ఒకటి. మూడోది రామదాసు చేయించినది.