పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్

మంగళవారం

పై ఫ్లాట్‌లో బాత్రూమ్ టైల్స్ పీకే పని ఇవాళ మొదలవుతుందని వాచ్‌మన్ నిన్న సాయంత్రమే చెప్పాడు. వినగానే మా కుక్క మల్లి ఏమైపోతుందోనని టెన్షన్ పట్టుకుంది. రాత్రి మంచి గుమ్మడికాయ ముక్క ఒకటి ఉప్పు వెయ్యకుండా ఉడకబెట్టి, మెదిపి, గడ్డ పెరుగులో కలిపి, లిక్ మ్యాట్ మీద, అంటే కుక్క నాకి తినే పలక మీద, చెంచాతో నొక్కి రాసి ఫ్రీజర్‌లో పెట్టి పడుకున్నాను.

మల్లి వీధిలో పుట్టి మా ఇంటికి చేరిన దేశవాళీ కుక్క. మనుషులంటే భయం లేదు, చప్పుడంటేనే. ఉరిమినా, పెళ్లి ఊరేగింపులో టపాకాయ పేలినా, నేవీ డే రిహార్సల్స్‌కి హెలికాప్టర్లు బీచ్ వైపు వెళ్లినా మంచం కిందికి దూరి వణుకుతుంది. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటిన శబ్దం వినపడదు, కుక్కలకి దాదాపు 45,000 దాకా వినపడుతుంది. మనకి చిరాకు తెప్పించే డ్రిల్ దానికి ఎలా వినిపిస్తుందో మనం ఊహించుకోవాల్సిందే.

పొద్దున్నే పెద్ద వాల్తేరు నుంచి లాసన్స్ బే దాకా నడిపించాను. ఇవాళ తొందర పెట్టలేదు. జాలరిపేట వైపు ఆరేసిన వలల దగ్గర ఆగి ఎంతసేపు వాసన చూస్తానంటే అంతసేపూ నిలబడ్డాను. వాసన చూడడం, నమలడం, నాకడం, ఈ మూడూ కుక్క మనసుని నెమ్మదింపజేసే పనులు. పరిగెత్తించి అలిసిపోయేలా చెయ్యడం కన్నా నాకు ఇదే మేలనిపిస్తుంది.

తిరిగొచ్చేసరికి మేస్త్రీ మెట్లెక్కుతున్నాడు. ఎన్నింటికి మొదలు పెడతారని అడిగాను.

"పదయ్యాక మొదలెడతామమ్మా. ఏటి, పిల్లలు పడుకుంటారా?"

కుక్కకి భయమని చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. "మా ఇంటికాడా ఉందమ్మా ఒకటి. మిషన్ ఆన్ చేసే ముందు మీకో ఫోన్ కొడతాన్లెండి" అన్నాడు. చెప్పినట్టే కొట్టాడు. ఆ ఒక్క ఫోన్ ఇవాళ నాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఎందుకంటే మ్యాట్ పెట్టాల్సింది భయం మొదలవ్వక ముందే. ఒకసారి తోక కాళ్ల మధ్యకి పోయి, చెవులు వెనక్కి వాలి, ఒగర్పు మొదలైందంటే నోటి దగ్గర కోడిమాంసం పెట్టినా ముట్టదు. తిండి వద్దందంటే అది అలకా కాదు, మొండితనమూ కాదు. భయం చాలా దూరం వెళ్లిపోయిందని అర్థం. అప్పుడు బలవంతం చెయ్యకుండా పక్కన కూర్చోవడమే.

ఫోన్ రాగానే వెనక గదిలో కిటికీ మూసి, ఫ్యాన్ పెద్దది చేసి, మ్యాట్ నేలకి అంటించాను. సిలికాన్ పలక అది. పైనంతా సన్నని గాళ్లు, బుడిపెలు, కింద నేలని పట్టుకునే రబ్బరు కప్పులు. గిన్నెలో పోస్తే రెండు గుటకల్లో అయిపోయే పెరుగు, ఈ గాళ్లలో గడ్డకట్టాక నాకి నాకి తీసుకోవాలి. డ్రిల్ మొదటిసారి మోగినప్పుడు మల్లి తలెత్తి పైకప్పు వైపు చూసింది. నేను పలకరించలేదు, కదల్లేదు. మళ్లీ తల దించి నాకడం మొదలుపెట్టింది. రెండోసారి చెవులు మాత్రమే కదిలాయి. నాలుక ఒకే లయలో ఆడుతుంటే దాని ఊపిరి కూడా నిదానంగానే ఉంది.

అమ్మ గుమ్మంలో నిలబడి, "భయపడినప్పుడల్లా ఇలా గారాబం చేస్తే అదే అలవాటైపోతుందే" అంది. ఈ మాట చాలామంది అంటారు, నేను మాత్రం ఒప్పుకోను. భయం కావాలని చేసే అల్లరి కాదు, తాయిలం ఇస్తే పెరగడానికి. ఉరుము వచ్చినప్పుడు మేం నీ పక్కలో దూరితే తోసేశావా అని అడిగాను. అమ్మ ఏమీ అనకుండా వచ్చి దాని పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది.

మధ్యాహ్నం పనివాళ్లు భోజనానికి వెళ్లగానే మ్యాట్ కడిగాను. వేడినీళ్లు, సబ్బు, పాత టూత్‌బ్రష్. గాళ్లలో పెరుగు ఉండిపోతే మన ఎండలకి వాసనొచ్చేస్తుంది. అంచులు కొరికిందేమో చూశాను. కొరికే అలవాటున్న కుక్కకి దీన్ని ఇచ్చి వదిలేసి పోకూడదు, సిలికాన్ ముక్క కడుపులోకి పోతే ప్రమాదం. ఇందులో తిన్నది కూడా తిండే కాబట్టి రాత్రి అన్నం కాస్త తగ్గించాను.

సాయంత్రం గాజువాక నుంచి చెల్లి ఫోన్ చేసింది. వాళ్ల పప్పీ కుక్కర్ విజిల్‌కే ఉలిక్కిపడుతోందట. "పీనట్ బటర్ రాస్తే చాలా అక్కా?" అంది. డబ్బా మీద జైలిటాల్ అని ఉంటే ముట్టుకోవద్దని ముందు చెప్పాను. ఆ తీపి పదార్థం మనకేం చెయ్యదు గానీ కుక్కకి విషం. ఒక్కసారిగా రక్తంలో చక్కెర పడిపోతుంది. ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా వద్దన్నాను. ఉప్పు లేని పెరుగు, ఉడికించిన చిలగడదుంప, అరటిపండు ముక్క చాలు. వణుకు ఆగకపోయినా, తప్పించుకోవాలని తలుపులు గీరి దెబ్బలు తగిలించుకున్నా మ్యాట్‌తో సరిపెట్టకుండా వెటర్నరీ డాక్టర్‌కి చూపించమన్నాను. మనుషుల మాత్ర సగం విరిచి వెయ్యడం లాంటివి అస్సలు వద్దు.

"సరే, దీపావళికి ముందు కొంటాలే, ఇంకా టైముంది కదా" అంది.

వద్దు, ఇప్పుడే కొను అన్నాను. చప్పుడు రోజునే మ్యాట్ బయటికి తీస్తే, మ్యాట్ కనపడిందంటే ఏదో పేలబోతోందని కుక్క పసిగట్టేస్తుంది. ఇక దాన్ని చూసినా భయపడుతుంది. అందుకే మల్లికి ఏ గొడవా లేని ఆదివారం పొద్దున కూడా ఇస్తాను, స్నానం చేయించేటప్పుడు బాత్రూమ్ గోడకి అంటిస్తాను, గోళ్లు తీసేటప్పుడు ముందు పెడతాను. రేపు ఏ చప్పుడూ లేనప్పుడు, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, కొంచెం పెరుగు రాసి మొదటిసారి ఇవ్వమన్నాను. మొదటిసారి గడ్డకట్టించొద్దు, కష్టమై వదిలేస్తుంది.

లింక్ పంపమంది, పంపాను.