ఫొన్సేకాకి ఓటేసిన జాఫ్నా

జాతిని బట్టో భాషని బట్టో ఓటేస్తారు అనగానే, "ఇంకేముంది, మనవాడైతే చాలు, గుడ్డిగా గుద్దేస్తారు" అని తేల్చేస్తుంటాం. శ్రీలంక చూస్తే నాకలా అనిపించదు.

2010 అధ్యక్ష ఎన్నికలే తీసుకోండి. ఎల్టీటీఈతో యుద్ధం ముగిసి ఏడాది కూడా కాలేదు. పోటీ అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్సకీ, ఆ యుద్ధంలో సైన్యాన్ని నడిపిన శరత్ ఫొన్సేకాకీ. ఉత్తరాన తమిళులు ఎక్కువగా ఉండే జాఫ్నాలో పోలింగ్ బూత్‌దాకా వచ్చినవాళ్లే తక్కువ, ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఫొన్సేకాకే వేశారు. తమ ఊళ్ల మీదకి సైన్యాన్ని నడిపించినాయనకి! తమిళ పార్టీల కూటమి కూడా ఆయనకే వేయమంది. ఇందులో అభిమానం ఎక్కడుంది చెప్పండి, ఇద్దర్లో ఎవరు దిగిపోతే కాస్త ఊపిరాడుతుందన్న లెక్క తప్ప. అంతకుముందు 2005లో ఎల్టీటీఈ బహిష్కరణ పిలుపుతో ఉత్తరాదిలో చాలాచోట్ల ఓట్లే పడలేదు, రాజపక్స మీద పోటీచేసిన రణిల్ విక్రమసింఘె సుమారు 1.8 లక్షల తేడాతో ఓడిపోయారు.

ఈ లెక్క ఊరికే పుట్టలేదు. 1956లో బండారనాయకే సింహళం ఒక్కటే అధికార భాష చేస్తానని ఓట్లడిగి గెలిచారు, గెలిచాక చట్టం చేశారు. ఆ భాష రాని తమిళుడికి సర్కారు ఉద్యోగం దాదాపు మూసుకుపోయిన తలుపే అయింది. అలాంటి చోట ఎన్నికల మేనిఫెస్టోలో ధరలూ రోడ్లూ ఎవరు చదువుతారు?

నాకు చిరాకు తెప్పించేది ఇంకోటుంది. తమిళులు ఒకవైపు వేస్తే జాతి ఓటంటారు, సింహళ పల్లెలు ఒకవైపు వేస్తే మాత్రం దేశం తీర్పంటారు. 2019లో అధ్యక్షుడిగా గెలిచిన మహింద తమ్ముడు గోటబాయ ఈ మొహమాటం పెట్టుకోలేదు లెండి. అనురాధపురంలోని రువన్‌వేలిసాయ దగ్గర, అంటే తమిళ రాజు ఎల్లాళన్‌ని ఓడించిన దుట్టగామణి కట్టించిన స్తూపం ముందు ప్రమాణం చేసి, తన గెలుపుకి సింహళ ఓట్లే ప్రధాన కారణమని అక్కడే చెప్పేశారు. తర్వాత మూడేళ్లలోపే పెట్రోలు, గ్యాస్ క్యూలు పెరిగి, ఆ ఓటర్లే చాలామంది కొలంబో వీధుల్లోకొచ్చి ఆయన్ని సాగనంపారు.

2024 నవంబర్ పార్లమెంటు ఎన్నికల్లో సింహళులు ఎక్కువగా ఉండే దక్షిణాది పార్టీ ఎన్‌పీపీ జాఫ్నా జిల్లాలో ఆరింటికి మూడు సీట్లు గెలిస్తే, "జాతి రాజకీయం అయిపోయింది" అని చాలామంది పండగ చేసుకున్నారు. ఆర్నెల్లు తిరగ్గానే స్థానిక ఎన్నికల్లో ఉత్తరాదిలో పాత తమిళ పార్టీ తమిళరసు కట్చి మళ్లీ పుంజుకుంది. అదే జనం, అదే భాష. నవంబర్‌లో పాత తమిళ నాయకుల మీద విసుగుంది, మే వచ్చేసరికి కొత్త ఎన్‌పీపీ ప్రభుత్వం సైన్యం చేతిలోని భూముల సంగతి ఇంకా తేల్చలేదన్న అసంతృప్తి ఉంది.